కేవు నుంచి టికెట్టు దాకా: విశాఖ తీరంలో పడవ బాడుగ – మారిన ధోరణులు

వ్యాస సంగ్రహం

పడవను బాడుగకు తీసుకోవడం ఒకప్పుడు దాటడానికి. ఇప్పుడు ఎక్కువగా విహారానికి. ఈ మార్పు విశాఖపట్నం తీరంలోనూ, దానితో ముడిపడిన గోదావరి, కృష్ణా రేవులలోనూ ఎలా జరిగిందో నిఘంటువులు, కావ్యాలు, యాత్రాచరిత్ర, చలనచిత్రాలు, చట్టాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. బాడుగను సూచించే మాటలు మారిన కొద్దీ, నీటిని చూసి “ఇవాళ పడవ కదలదు” అని చెప్పే అధికారం పడవవాని చేతినుంచి ఎటు పోయిందన్నది ఇందులో ప్రధానమైన ప్రశ్న.

కీలక పదాలు: కేవు, బాడుగ, రేవు, మసూలా పడవ, నౌకావిహారం, రుషికొండ, కొండకర్ల ఆవ, కచ్చులూరు.

1. ప్రవేశిక

తెలుగువారి నౌకాచరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి సాధారణంగా మూడు ఆధారాల మీదికి పోతుంది. మొదటిది యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఓడ గుర్తు నాణేలు. రెండవది కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం. మూడవది శ్రీనాథుని ‘హరవిలాసం’ అవతారికలో కనిపించే అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపార ప్రస్తావన. ఈ మూడూ ప్రధానంగా సరకుల చరిత్ర. ముత్యాలు, కర్పూరం, పట్టుబట్టలు ఏ దీవి నుంచి వచ్చాయో మనకు కొంత తెలుసు. కానీ పడవవాని చేతిలో డబ్బులు పెట్టి ఎక్కిన సామాన్యుని చరిత్ర మన సాహిత్య చరిత్రలలో విడి అధ్యాయంగా కనిపించదు.

ఈ లోపానికి కారణం ఆధారాలు లేకపోవడం కాదు. అవి చెదిరి ఉన్నాయి. కొన్ని నిఘంటువుల్లో ఒక్కొక్క ఆరోపంగా, కొన్ని కావ్యాల్లో ఒక్కొక్క ఘట్టంగా, కొన్ని చట్టాల్లో ఒక్కొక్క నిబంధనగా మిగిలాయి. వాటిని ఒకచోట చేర్చి చూస్తే పడవ బాడుగ కేవలం ఆర్థిక విషయం కాదని తెలుస్తుంది. ఎక్కేవానికీ నడిపేవానికీ మధ్య ఉన్న నమ్మకం స్వరూపం అందులో కనిపిస్తుంది. ఓడరేవూ, నౌకానిర్మాణ కేంద్రమూ, ఉక్కు కర్మాగారమూ ఉన్న విశాఖపట్నం ఈ పరిశీలనకు తగిన స్థలం. మసూలా పడవ, తాటిదోనె, మరపడవ, విహారనౌక ఈ ప్రాంతపు చరిత్రలో పక్కపక్కనే కనిపిస్తాయి.

2. మాటలలో నిలిచిన చరిత్ర

పడవ దాటించినందుకు ఇచ్చే సొమ్ముకు తెలుగులో ‘కేవు’ అనే ప్రత్యేకమైన దేశ్యపదం ఉంది. ఓడకూలి అని నిఘంటువులు దాని అర్థం చెబుతాయి. సంస్కృతంలో అమరకోశం వారివర్గంలో ‘ఆతరము’, ‘తరపణ్యము’ అనే మాటలున్నాయి. రెండింటిలోనూ దాటడం అనే అర్థం గల ధాతువే ఉంది. అంటే ప్రాచీన భాషావ్యవహారంలో పడవకూలి అంటే దాటుకూలి. ఊరికే నీటి మీద తిరిగి, ఎక్కిన చోటనే దిగడానికి సొమ్ము ఇవ్వడమన్న భావన ఈ మాటలలో లేదు.

అలాగని మన కవులకు జలవిహారం తెలియనిది కాదు. ప్రబంధంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో జలకేళి ఒకటి. కాని అది రాజులది, రాణివాసానిది. అక్కడ కొలనూ వారిదే, పడవా వారిదే. బాడుగ ప్రసక్తి లేదు. ఇక దేవునికి తెప్పోత్సవం ఉంది. సింహాచలంలో పుష్య బహుళ అమావాస్యనాడు వరాహ పుష్కరిణిలో జరిగే తెప్పోత్సవంలో స్వామి విహరిస్తాడు. జనం గట్టున నిలిచి చూస్తారు. దాటడం సామాన్యునికి, విహరించడం ప్రభువుకూ దైవానికీ అన్న విభజన చాలాకాలం నిలిచిందని దీనివల్ల ఊహించవచ్చు. ఆధునిక కాలపు టికెట్టు ఈ విభజనను చెరిపివేసింది. సామాన్యుడు విహారాన్ని కొనుక్కోగలగడం దాని సాధించిన మేలు. ఆ మేలును గుర్తించకుండా పాతకాలాన్ని మాత్రమే పొగడడం చరిత్ర కాదు.

దాటింపులో పడవవాని స్థానం ఎట్టిదో తెలియడానికి గుహుని ఘట్టం చక్కని ఆధారం. మొల్ల తన రామాయణంలో, రాముని పాదధూళి సోకి రాయి స్త్రీ అయిందని విన్న గుహుడు ఆయన కాళ్ళు కడిగిన తరువాతనే ఓడ ఎక్కనిచ్చినట్లు చెప్పింది. భక్తి దృష్టితో ఈ ఘట్టాన్ని ఎన్నో విధాలుగా వ్యాఖ్యానించారు. పడవ చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం ఉంది: రేవులో షరతు పెట్టేవాడు పడవవాడు. రాజకుమారుడైనా ఆ షరతు తీరేదాకా గట్టునే నిలవాలి. ఈ ఏర్పాటును కవయిత్రి వింతగా చెప్పలేదు. వినేవారికి అది పరిచితమైన లోకరీతి కాబట్టే ఆ చమత్కారం పండింది.

‘కేవు’ తరువాత వాడుకలో బలపడిన మాటలు బాడుగ, కిరాయి, అద్దె. ఇవి పడవకు మాత్రమే చెందినవి కావు. బండికీ, ఇంటికీ కూడా చెల్లుతాయి. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య గంగానది మీద పడవలు మాట్లాడుకొని ప్రయాణించాడు. ఆయన యాత్రాచరిత్రలో నదులు దాటే వసతులు, పడవల తీరుతెన్నులు ఒక గృహస్థుని లెక్కచూపుతో నమోదయ్యాయి. తిరుగు ప్రయాణంలో ఆయన విశాఖపట్నం మీదుగానే వచ్చాడు. తెలుగు వచనంలో పడవ బాడుగను ప్రయాణికుని వైపునుంచి చూపిన తొలి విస్తృత రచనగా దీనిని గ్రహించవచ్చు.

3. ఓడరేవు రాకముందు విశాఖ

నేటి విశాఖ ఓడరేవు ఏర్పడకముందు పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి ఆగేవి. ఓడనుంచి ఒడ్డుకు, ఒడ్డునుంచి ఓడకు మనుషులనూ సరకులనూ చేరవేసినవి మసూలా పడవలు. ఈ పడవ నిర్మాణం విశిష్టమైనది. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరినార తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకుల పడవ విరిగితే కుట్టు పడవ వంగి నిలిచేది. కోరమండల తీరమంతటా కెరటాలు విరిగే ఆ కొద్దిపాటి మేరను దాటించగలిగినవారు తీరపు పల్లెల పడవవారు మాత్రమే. ఓడకు అధిపతి ఎంతటివాడైనా ఆ కాసేపు వారి మాట వినవలసిందే. ఈ ఆధారపడటాన్ని అదుపులో ఉంచడానికే మద్రాసు రేవులో మసూలా పడవల బాడుగలను ప్రభుత్వం చట్టం ద్వారా నిర్ణయించింది. పడవవాని నోటిమాట స్థానంలో రేట్ల పట్టిక రావడం అక్కడ మొదలైంది.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ వృత్తితో ముడిపడిన వారు జాలరులు, వాడబలిజలు. వాడబలిజ అన్న పేరులోని ‘వాడ’ ఓడకు రూపాంతరం. చీరాల వద్ద వాడరేవు పేరులోనూ అదే మాట ఉంది. ఒక సామాజిక వర్గం పేరులోనే ఓడ ఉండటం గమనించదగినది.

లోతట్టు జలాల విషయంలో 1890 నాటి మద్రాసు కాలువలు, ప్రజా రేవుల చట్టం మరొక మలుపు. రేవు దాటింపు మీద వచ్చే సుంకాన్ని వేలంలో పాడుకొనే పద్ధతి స్థిరపడింది. ‘రేవుపాట’ అన్న మాట ఈ పద్ధతి నుంచి వచ్చిందే. పాట పాడుకొన్నవాడు ఒకడు, పడవ నడిపేవాడు మరొకడు. యజమానీ పడవవాడూ వేరు కావడం విహారపు పడవలతో మొదలు కాలేదు. దాని బీజం రేవుపాటలోనే ఉంది.

1890లలో తూర్పుతీర రైలుమార్గం వాల్తేరుకు చేరింది. తీరం వెంబడి ఓడలలో సాగే ప్రయాణాలకు అది గట్టి పోటీ అయింది. ఉప్పుటేరు ముఖద్వారపు బురదనేలను తవ్వి లోపలి ఓడరేవును నిర్మించారు. రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రేవులో ప్రవేశించింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఓడ నేరుగా గోడకు ఆనుకొని నిలిచిన తరువాత కెరటాలు దాటించే పడవవానితో పని లేదు. 1941లో శంకుస్థాపన జరిగిన సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో ‘జల ఉష’ నిర్మాణమై 1948 మార్చి 14న జలప్రవేశం చేసింది. పెద్ద ఓడలను కట్టే నగరంగా విశాఖకు పేరు వచ్చిన కాలమే, దాని ఒడ్డున మసూలా పడవ బాడుగ ముగిసిన కాలం కూడా.

4. వంతెనలు, వెండితెర పడవలు

సముద్రపు ఒడ్డున ఓడరేవు చేసిన పనినే నదుల మీద వంతెనలు చేశాయి. కృష్ణపై ప్రకాశం బ్యారేజీ 1957లోను, గోదావరిపై రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు రైలు వంతెన 1974లోను అందుబాటులోకి వచ్చాయి. దాటింపు అవసరం తగ్గిన రేవులలో లాంచీలు క్రమంగా విహారానికి మళ్ళాయి.

ఈ మలుపును మూడు తెలుగు చలనచిత్రాలలో స్పష్టంగా చూడవచ్చు. ‘మూగమనసులు’ (1964)లో కథానాయకుడు రేవు దాటించే పడవవాడు. నది దాటడం నిత్యజీవితంలో భాగం, గోదావరి సుడి అందులో విధికి ప్రతీక. ‘అందాల రాముడు’ (1973)లో పడవ భద్రాచలం పోతుంది. పేరు తీర్థయాత్ర, తీరు విహారం. ‘గోదావరి’ (2006) నాటికి పడవ పూర్తిగా పర్యాటకుల ప్రపంచం. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా సాగే ఆ ప్రయాణంలో గమ్యం కన్నా దారి ముఖ్యం. ఈ నలభై ఏళ్ళలో పడవవాడు కథానాయక స్థానం నుంచి పక్కకు జరిగాడు. ప్రయాణికుడే కథ అయ్యాడు. వాస్తవంలో బాడుగ స్వభావం మారిన తీరుకు ఇది దగ్గరగా ఉంది.

పదజాలమూ ఇదే కాలంలో మారింది. తెడ్డు, గెడ, తెరచాపలతో నడిచిన పడవకు ‘కేవు’; మరలతో నడిచిన లాంచీకి ‘టికెట్టు’; భోజనం, బస, ఆటపాటలతో కలిసిన విహారానికి ‘ప్యాకేజీ’. పారశీక మూలం గల ‘సరంగు’ మాత్రం లాంచీ కాలంలోనూ నిలిచింది. అయితే అతడిప్పుడు పడవ యజమాని కాదు, జీతగాడు.

5. రుషికొండ, కొండకర్ల: రెండు నమూనాలు

1976లో ఏర్పడిన రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ పడవ విహారాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా మార్చింది. నాగార్జునసాగర్‌లో ద్వీపంగా మారిన నాగార్జునకొండకు లాంచీ, విజయవాడ వద్ద భవానీద్వీపానికి పడవ, హుస్సేన్‌సాగర్‌లో 1992లో నిలిపిన బుద్ధవిగ్రహం దగ్గరకు పడవ – ఇవన్నీ దాటింపు, విహారం కలిసిన రూపాలు. విశాఖ నగరానికి ఉత్తరాన ఉన్న రుషికొండ తీరం వీటికి భిన్నమైనది. అక్కడ చేరవలసిన ఆవలి ఒడ్డు లేదు. మరపడవ కెరటాలపై ఒక చుట్టు తిరిగి ఎక్కినచోటికే వస్తుంది. బాడుగ దూరానికి కాదు, వేగానికీ అనుభూతికీ. ‘కేవు’ అన్న మాటలోని దాటు అర్థం ఇక్కడ పూర్తిగా తొలగిపోయింది. 2020లో ఈ తీరానికి నీలిజెండా గుర్తింపు లభించింది. స్నానానికి హద్దులు, రక్షకులు, పరిశుభ్రత వంటి ప్రమాణాలు దానితో ముడిపడి ఉన్నాయి. సముద్రపు అంచు కొలతలకూ హద్దులకూ లోబడిన స్థలంగా మారింది.

ఇందుకు పూర్తిగా ఎదురునిలిచే నమూనా నేటి అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ. అక్కడి మంచినీటి సరస్సులో జాలరులు తాటిమానులను తొలిచి చేసిన దోనెలను వాడతారు. ఒంటరి దోనె సులభంగా దొర్లుతుంది కనుక రెండింటిని జతకట్టి నిలకడ తెస్తారు. చేపల వేటకు చేసుకొన్న ఈ జంటదోనెల మీదనే సందర్శకులను ఎక్కించుకొని తామరల మధ్య, పక్షుల నడుమ తిప్పుతారు. తమిళ ‘తోణి’, కన్నడ ‘దోణి’తో బంధుత్వం గల మన ‘దోనె’ ఇక్కడ ఇంకా బతికిన మాట. ఇక్కడ దోనె చేసినవాడు, నడిపేవాడు, బాడుగ మాట్లాడేవాడు చాలావరకు ఒకే సమూహంవారు. నీటిలోతు, కలుపు దట్టం, గాలివాలు తెలిసినవాడే ఇంతమందిని మించి ఎక్కించను అని చెప్పగల స్థితిలో ఉంటాడు. ప్రాణరక్షక కవచాలు, తనిఖీలు ఈ నమూనాకూ అవసరమే. అయినా నిర్ణయమూ అనుభవమూ ఒకే మనిషిలో కలిసి ఉండటం దీని బలం.

6. కచ్చులూరు: నిర్ణయం ఎవరిది?

నిర్ణయం, అనుభవం విడిపోతే ఏమవుతుందో రెండు దుర్ఘటనలు చూపాయి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా పవిత్ర సంగమంలో అనుమతి లేని విహారపు పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. రెండేళ్ళు తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద ‘రాయల్ వశిష్ఠ’ గోదావరిలో మునిగింది. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు. నదిలో అప్పుడు సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహిస్తున్నది.

పాపికొండల వద్ద గోదావరి ఇరుకైన కొండల నడుమ లోతుగా, సుడులతో పారుతుంది. వరద నాళ్ళలో అది వేసవి గోదావరి కాదు. ఈ సంగతి ఒడ్డున ఉండేవారికి కొత్త కాదు. కాని ప్యాకేజీలో తేదీ ముందే నిర్ణయమై ఉంటుంది. ప్రయాణికులు దూరప్రాంతాల నుంచి సెలవు పెట్టుకొని వస్తారు. సొమ్ము ముందే చెల్లి ఉంటుంది. అనుమతులు ఓడరేవుల శాఖకూ జలవనరుల శాఖకూ పర్యాటక శాఖకూ మధ్య పంచబడి ఉండేవి. “ఇవాళ వద్దు” అనే మాట చెప్పవలసింది ఫలానా మనిషి అని వేలు చూపడానికి వీలులేని ఏర్పాటు అది.

మునిగిన పడవను వెలికితీసిన తీరు ఈ చర్చకు ఎంతో ముఖ్యమైనది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుపతాళ్ళు, లంగర్లతో రోజుల తరబడి ప్రయత్నించింది. విశాఖపట్నం నుంచి వచ్చిన గజ ఈతగాళ్ళు నీటి అడుగుకు దిగి తాళ్ళు బిగించారు. 2019 అక్టోబరు 22న పడవ ఒడ్డుకు చేరింది. నీటిని చేతులతో ఎరిగిన మనుషులు తెలుగు తీరంలో ఇంకా ఉన్నారనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. పడవ బయలుదేరే ముందు వినిపించవలసిన వారి మాట, పడవ మునిగాక మాత్రమే అవసరమైంది.

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది చోట్ల పడవల నియంత్రణ గదుల ఏర్పాటుకు పూనుకొన్నది. సింగన్నపల్లి, గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, రాజమండ్రి, నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడలతో పాటు రుషికొండ కూడా ఆ జాబితాలో ఉంది. రెవెన్యూ, జలవనరులు, పోలీసు, పర్యాటక శాఖల సిబ్బంది ఒకచోట ఉండి, నీటిమట్టాన్నీ పడవ స్థితినీ చూసి అనుమతించడం ఈ గదుల ఉద్దేశం. ఆ తరువాత కేంద్రం 1917 నాటి చట్టం స్థానంలో 2021 లోతట్టు నౌకల చట్టాన్ని తెచ్చింది. గోదావరి ఘటన ఫలితంగా ఏర్పడిన నియమం విశాఖ సముద్రతీరానికి కూడా చేరడం ఇందులో గమనించదగిన విషయం. నదికీ సముద్రానికీ తేడా ఉన్నా, బాడుగ స్వభావం ఒకటే అయింది కనుక నియంత్రణా ఒకటే కావలసి వచ్చింది. మొల్ల గుహుని చేతిలో ఉన్న షరతు పెట్టే అధికారం ఈ గదికి చేరింది.

7. పెద్ద ఓడ, చిన్న పడవ

2022 జూన్‌లో విహారనౌక ‘ఎంప్రెస్’ చెన్నై, పుదుచ్చేరిలను కలుపుతూ విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ ఓడరేవులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. ఇక్కడ ఓడే గమ్యం. ప్రయాణికుడు కొనేది గది, విందు, వినోదం. ప్రబంధ రాజుల జలకేళికి దీనికి దగ్గరి పోలిక ఉన్నా, ప్రవేశం కులగోత్రాలతో కాక టికెట్టుతో.

అయితే ఈ పెద్ద ఓడ కూడా రేవులోకి తనంతట తాను రాదు. రేవు లోతులూ ప్రవాహాలూ ఎరిగిన స్థానిక పైలట్ ఓడ ఎక్కి దారి చూపాలి. 1908 నాటి ఓడరేవుల చట్టం కాలం నుంచీ పెద్ద నౌకలకు ఇది విధి. ఆ నౌక నాయకుడు ఎన్ని సముద్రాలు దాటినవాడైనా ఈ నీటిలో స్థానికుని మాట వినాలని చట్టమే చెబుతున్నది. మసూలా పడవవానికి ఒకప్పుడు అవసరం కల్పించిన గౌరవమే ఇక్కడ పైలట్‌కు చట్టం కల్పించిన హోదాగా నిలిచింది. చిన్న విహారపు పడవ విషయంలో ఇట్టి హోదా సరంగుకు లేదు. నీటిని ఎరిగిన అనుభవం పెద్ద ఓడకు అర్హత, చిన్న పడవకు కూలిపని. విశాఖ ఒడ్డున పక్కపక్కనే కనిపించే ఈ వ్యత్యాసం ఆలోచించదగినది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగులో పడవ బాడుగ మూలార్థం దాటింపు. ఓడరేవు, రైలు, వంతెనల రాకతో ఆ అర్థం తరిగి విహారం దాని స్థానంలోకి వచ్చింది. రెండవది, ఒకప్పుడు రాజులకూ దేవునికీ పరిమితమైన జలవిహారం సామాన్యునికి అందడం నిజమైన సామాజిక మార్పు. మూడవది, ఆ మార్పులో పడవవాడు యజమాని నుంచి జీతగానిగా మారి, పడవను ఆపే అధికారాన్ని కోల్పోయాడు. నియంత్రణ గదులు ఆ ఖాళీని కొంత పూరించాయి. ఆ గదులలో కాగితంతో పాటు రేవు మనిషి అనుభవానికి కూడా చోటు ఉంటే ఆ ఏర్పాటు పరిపూర్ణమవుతుంది.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాల సంప్రదాయం మనకు దారి చూపింది. అదే పద్ధతిలో విశాఖ జాలరిపేటల నుంచి, కొండకర్ల ఆవ నుంచి, దేవీపట్నం, పోచవరం రేవుల నుంచి పోటుపాట్లు, గాలులు, సుడులు, పడవ భాగాలు, బాడుగ పద్ధతులకు సంబంధించిన మాటలను సేకరించాలి. తెరచాప, తెడ్డు వాడిన తరం వయసు మీరుతున్నది. గాలి ఎటు తిరిగితే పడవ కదపరాదో చెప్పే మాట నిఘంటువుకు ఒక ఆరోపం. రేవులో అది ఒక ప్రాణం. ‘కేవు’ను మనం నిఘంటువులోనే మిగుల్చుకొన్నాం. మిగిలిన మాటలు వాడుకలో ఉండగానే నమోదు చేయడం ఈ రంగంలో చేయవలసిన తక్షణ పరిశోధన.